స్టాండ్ బై అన్న మాట

ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల సంఘం వారి వైర్‌లెస్ గదిలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. నాకు వచ్చింది పదో తరగతి ఇంగ్లీషు. సెట్టులో మాట్లాడడానికి అది చాలు. కొత్తగా సెట్టు కొన్నవాళ్ళకు నాలుగైదు మాటలు నేనే నేర్పుతాను.

బోటు నడిపే కోటికీ నేనే నేర్పాను. “స్టాండ్ బై అంటే నిలబడమని కాదు. ఆగు, మళ్ళీ పలుకుతాను, అందాకా సెట్టు కట్టేయకు, ఛానెల్ మార్చకు అని. అన్నవాడు తిరిగి పలకాలి, విన్నవాడు కనిపెట్టుకుని ఉండాలి. అంతా అయ్యాక అవుట్ అనాలి.”

“రెండు ముక్కలకి ఇంత బరువేటి బావా! ఇంటికాడ మాలచ్చిమితో స్టాండ్ బై అంటే కూడు సల్లారిపోద్ది, ఆనక నాకే సివాట్లు,” అని నవ్వాడు.

పద్దెనిమిది రోజుల కిందట, ఉదయం పది నలభైకి కోటి గొంతు సెట్టులో వినిపించింది. బోటులోకి నీళ్ళు వస్తున్నాయన్నాడు. ఎక్కడున్నావని అడిగాను. “స్టాండ్ బై,” అన్నాడు. అంతే. ఆ రోజు గాలి చాలా ఎక్కువ. వెతికినవాళ్ళకు ఒక డీజిల్ డబ్బా, కాస్త వల దొరికాయి. బోటులో ఉన్న మిగతా ఇద్దరికీ వాళ్ళ ఇళ్ళలో దర్భలతో బొమ్మలు చేసి కర్మలు జరిపించారు. కోటి భార్య మహాలక్ష్మమ్మ మాత్రం ఒప్పుకోలేదు. రోజూ పొద్దున్నే వచ్చి మా గది గడప దగ్గర, సెట్టుకు ఎదురుగా కూర్చుంటుంది. ఆమె చేపలమ్మే బుట్ట ఇంట్లోనే ఉండిపోయింది.

కోటి చివరగా అన్న ఆ స్టాండ్ బైకి అర్థం ఏమిటని మొదటి రోజే నన్ను అడిగింది. కోటికి చెప్పినట్టే చెప్పాను.

నిన్న కోటి అన్న సూరన్న వచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

“బావా, అదేటో ఊరికే అనే మాటని సెప్పీ. నువ్వు సెప్తే ఇంటాది. మావు సెప్తే మీద పడతంది. కోటి పిల్ల ధనశ్రీ బడి మానేసి పొయ్యికాడ కూకుంటంది.”

ఒక్క అబద్ధం చాలు. ఈ ఉదయం దీపం పెడుతూ అదే ఆలోచించాను. నలభై ఏళ్ళుగా సింహాద్రి అప్పన్నను పిలుస్తున్నాను. ఆయన ఏనాడూ తిరిగి పలకలేదు. నేనూ పిలవడం మానలేదు. నాకు తగిన ఎదురుచూపు ఆమెకెందుకు తగదు? అయితే నా ఇంట్లో బడి మానేసిన పిల్ల లేదు. ఇలా అడగడం తప్పయితే క్షమించు స్వామీ అని లెంపలేసుకుని బయల్దేరాను.

ఆమె అప్పటికే గడప దగ్గర ఉంది. అబద్ధం నోటికి రాలేదు.

“అమ్మా, అర్థం నేను చెప్పిందే. కాని పద్ధతి ఇంకొకటుంది, నీకు చెప్పలేదు. అన్నవాడు పలకకపోతే విన్నవాడు మూడుసార్లు పిలవాలి. అప్పటికీ జవాబు లేకపోతే, విన్నవాడే అవుట్ అని మాట ముగించవచ్చు.”

“నువ్వు పిలిసినావా బాబూ?”

“ఆ రోజే పిలిచాను. ముగించడానికి నోరు రాలేదు.”

లేచి సెట్టు దగ్గరకు వచ్చింది.

“ముగిత్తే ఆయన అలుగుతాడేటి?”

“అలగడమ్మా,” అన్నాను. నాకేం తెలుసని అన్నానో తెలియదు.

“ఎలగ నొక్కాల?”

మైకు చేతికిచ్చి మీట చూపించాను.

“ధనశ్రీ అయ్యా!” అని పిలిచింది. పెళ్ళయిన నాటి నుంచీ మొగుడి పేరు పలికిన మనిషి కాదు. మీట వదిలితే సెట్టులో ఒకటే హోరు. మళ్ళీ అలాగే పిలిచింది. మళ్ళీ హోరు. మూడోసారి కళ్ళు మూసుకుని, “కోటీ!” అంది.

ఇద్దరం విన్నాం. హోరే.

అవుట్ అనాలని గుర్తు చేయబోయాను. ఆమె అప్పటికే మళ్ళీ మీట నొక్కి పట్టుకుంది.

“మరి, ఎల్లొత్తాను,” అంది.

కొంగుతో మైకు తుడిచి బల్ల మీద పెట్టింది. బయట సూరన్న ఆటో దగ్గర నిలబడి ఉన్నాడు. అతని వైపు చూడకుండానే వెళ్ళి ఎక్కి కూర్చుంది.

ఆ ఛానెల్‌లో ముప్పై బోట్లదాకా వింటూ ఉంటాయి. కాసేపటికి ఎవరో, హార్బర్‌లో ఐసు ఉందా అని మెల్లిగా అడిగారు.

ఉందన్నాను.