తీగ మింగిన నారింజ చెట్టు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఈ కాస్త రాయడానికి పదకొండు రోజులు పట్టింది.

మా ఆయన మొక్కల తోటలో అంటు కట్టేవాడు. ఏళ్ల తరబడి కష్టపడి ఒక కొత్త రకం నారింజ చెట్టును తయారు చేశాడు. గింజ తక్కువ, రసం ఎక్కువ. ఇంకో రెండు కాపులు చూసి, దాని పుల్లలతో అంటు మొక్కలు కడదామనేవాడు. ఈలోపే పోయాడు. ఆ రకానికి అదొక్కటే చెట్టు మిగిలింది.

ఆయన పోయాక కలుపు తీసే పనికి తోట యజమాని నన్ను పెట్టుకున్నాడు. వరసలో చెట్లన్నీ ఒకేలా ఉండేవి. అన్నిటికీ పేరు రాసిన బిళ్లలుండేవి కానీ నాకు చదవడం రాదు. మా ఆయన చెట్టును పోల్చుకోవడానికి, కంచెలోంచి ఇనుప తీగ ముక్క తెచ్చి, మోకాలెత్తులో కాండానికి చుట్టి మెలిపెట్టాను. ఏడాది తిరిగేసరికి గుర్తు అక్కర్లేకుండానే చెట్టు తెలిసిపోయేది. తీగ సంగతి మరిచిపోయాను.

నాలుగో ఏడు చెట్టు విరగకాసింది. అందరం మురిసిపోయాం. ఆ మరుసటి ఏడు ఆకులు పాలిపోయాయి, కొమ్మల చివర్లు ఎండసాగాయి.

"వేరుకుళ్లు. పక్క చెట్లకి పాకకముందే గురువారం కొట్టించేద్దాం. దాని పుల్ల కూడా ఎవరూ తియ్యొద్దు" అన్నాడు యజమాని.

మా ఆయన అక్క, మా వదిన, అదే తోటలో సంచుల్లో మట్టి నింపుతుంది. ఆవిడ మోటారు చూసే ఆయన మీద విరుచుకుపడింది.

"నీళ్లు వదిలేసి నువ్వు కునుకు తీస్తుంటే వేళ్లు కుళ్లక ఏం చేస్తాయయ్యా?"

"నా నీళ్లకేం రోగం? పక్క చెట్లు తాగేదీ అవే కదమ్మా! నీతో వాదించేకన్నా పాడైన మోటారుతో వాదించడం నయం."

మధ్యాహ్నం ఒక్కదాన్నే వెళ్లి కాండం తడిమాను. మోకాలెత్తులో కడియంలా ఉబ్బి ఉంది. కింద సన్నని గాడి. గోటితో గీకితే తుప్పు రాలింది. నా తీగే. బెరడు దాన్ని మింగేసింది.

ముందు వదినకి చెప్పాను. ఆవిడ చేతిలోని మట్టి కింద పోసేసింది.

"మా తమ్ముడి చెట్టుకి నువ్వే ఉరి బిగించావటే?"

"బిగించాను వదినా."

"ఎవరికీ చెప్పకు. పని పోతుంది."

"చెప్పకపోతే చెట్టు పోతుంది."

యజమాని దగ్గరికి వెళ్లాను. మోటారాయన కూడా అక్కడే ఉన్నాడు. ఇద్దరినీ చెట్టు దగ్గరికి తీసుకొచ్చి, మట్టి తవ్వి వేరు చూపించాను. కుళ్లు వాసన లేదు.

"ఇది తెగులు కాదు బాబూ. వేరు ఆకలితో చస్తోంది. తీగ నేనే కట్టాను."

"ఇన్నాళ్లూ పైన పచ్చగానే ఉందిగా?" అన్నాడు యజమాని.

"నీళ్లు లోపలి చెక్కలోంచి పైకెక్కుతాయి. వాటికి తీగ అడ్డం రాలేదు. ఆకు వండిన వంట బెరడులోంచి కిందికి దిగాలి. అదే ఆగిపోయింది. దిగాల్సిందంతా పైనే ఉండిపోయి ఆ ఏడు అంత కాపు వచ్చింది. మా ఆయన చెప్పేవాడు, వేరు వంటింటికి రాదు, వంటే దాని దగ్గరికి వెళ్లాలని."

"నువ్వెప్పుడైనా అంటు కట్టావా?"

"కత్తి అందించాను. ముప్పై ఏళ్లు."

యజమాని చెట్టుకేసి చూశాడు. "నెల రోజులు చూస్తాను" అన్నాడు.

తీగ తెంచి లాగాను. ఆ చెట్టువే ఐదు పుల్లలు కోశాను. పుల్ల తలకిందులైతే అతకదని మా ఆయన ప్రతి పుల్లకీ కింది కొసన దారం కట్టేవాడు. నేనూ కట్టాను. రెండు కొసలూ చెక్కి, ఒకటి గాడి కింద బెరడులో, ఒకటి గాడి పైన బెరడులో దూర్చి, వంతెనల్లా నిలబెట్టాను. మోటారాయన మైనం కరిగించి పోశాడు. కత్తి వదిన అందించింది.

నెల తిరిగేసరికి మూడు పుల్లలు ఎండిపోయాయి. రెండు మాత్రం గోకి చూస్తే లోపల పచ్చగా ఉన్నాయి. మోటారాయన వెళ్లి యజమానిని పిలుచుకొచ్చాడు. ఆయన వంగి చూసి, గొడ్డలి షెడ్డులో పెట్టెయ్యమన్నాడు.

చెట్టు బతికింది. ఒక పక్క కొమ్మలు మళ్లీ చిగురించలేదు. ఆ పక్కకి వెళ్లినప్పుడల్లా తల దించుకుంటాను. రెండో పక్క పుల్లలతో తర్వాతి ఏడు ముప్పై మొక్కలు అంటు కట్టాను. ఆ ఏడే వదిన మనవరాలి దగ్గర అక్షరాలు మొదలుపెట్టాను.

ఇప్పుడు బిళ్లలు నేనే రాస్తాను. కాండానికి కట్టను, కొమ్మకి కడతాను. నూలు దారంతో, రెండు వేళ్లు దూరేంత వదులుగా. ఏడాదికోసారి విప్పి మళ్లీ కడతాను.

తోటలో నన్ను అంటుకట్టే పెద్దమ్మ అంటారు. వయసు అరవై ఆరు. గేటు పక్క గదిలో, వదినతో కలిసి ఉంటున్నాను.