రెండు తలల టోపీ

నేను ఒక టోపీని. ఎండకో పెళ్లికో పెట్టుకునే రకం కాదు. రగ్బీ ఆటలో తలలూ భుజాలూ ఢీకొన్నప్పుడు చెవులు నలిగిపోకుండా కాచే రకం. మందపాటి గుడ్డకు స్పాంజి ముక్కలు కుట్టి, చెవుల దగ్గర చిల్లులు పెట్టి, గడ్డం కింద ఒక పట్టీ తగిలిస్తే అదే నేను. నేను పుట్టింది జలంధర్‌లో, ఇరుకు సందులోని ఒక కార్ఖానాలో. నన్ను కుట్టినావిడ రగ్బీ అన్న మాట కూడా విని ఉండదు. నన్నొకసారి తన తలకే తొడుక్కుని, అద్దంలో చూసుకుని, "ముంత బోర్లించినట్టుంది" అని నవ్వుకుని పెట్టెలో పడేసింది.

ఓడలెక్కి ఆక్లాండ్‌లో ఒక దుకాణానికి చేరాను. అక్కడ నన్ను కొన్నది ఫువాతినో. ఆమెది సమోవా. పసిఫిక్ సముద్రం నడుమ నాలుగు దీవుల దేశం, మీ మూడు నాలుగు మండలాలంత జనం. అయినా రగ్బీ మాటొస్తే పెద్ద దేశాలు సైతం ఆ దీవుల వంక కాస్త జంకుగానే చూస్తాయి.

సవాయి అనే దీవిలో, తన ఊరి ఆడవాళ్ల జట్టులో ఫువాతినో స్క్రమ్ ముందు వరసలో ఆడేది. స్క్రమ్ అంటే ఎనిమిదిమంది ఇటు, ఎనిమిదిమంది అటు వంగి, తలలు ఒకదాని పక్కన ఒకటి దూర్చి, బంతి కోసం ఎద్దుల్లా తోసుకోవడం. ఆడపిల్లకు ఇదేం ఆటని ఊరి పెద్దలు వారమంతా గొణిగేవారు. శనివారం మాత్రం అందరికన్నా ముందొచ్చి గట్టు మీద మంచి చోటు పట్టుకునేవారు.

ఒకనాడు ఆమె మోకాలు మెలిపడింది. ఇక ఆడకూడదన్నాడు డాక్టరు. ఫువాతినో ఇంటికొచ్చి నన్ను ఉతికింది, ఆరేసింది, ఆరాక తమ్ముణ్ణి పిలిచింది. పెతెలో అప్పటికే తలుపంత మనిషి. మాట మాత్రం గొంతు దాటేది కాదు.

"నీ తల నాకంటే పెద్దది. పట్టీ వదులు చేసుకో" అంది.

"నేనాడతానని ఎవరన్నారక్కా?"

"నేనంటున్నాను."

పెరట్లో రోజూ తనే ఎదురు నిలబడి నేర్పింది. "మెడతో తొయ్యకురా. నడుం దించు. బలమంతా అక్కడుంటుంది" అని చెప్పిందే చెప్పేది. పెతెలో ఊరి జట్టు నుంచి రాజధాని ఆపియాకు, అక్కడి నుంచి దేశపు నీలిరంగు చొక్కాలోకి వెళ్లాడు. ఆటకు ముందు జట్టంతా యుద్ధనాట్యం చేస్తుంటే, నన్ను నడుముకు దోపుకుని తొడలు చరిచేవాడు. ఇంట్లో నోరు విప్పని మనిషి అక్కడ పెట్టే కేకకు మొదటిసారి నేనే ఉలిక్కిపడ్డాను.

తర్వాత దక్షిణ ఫ్రాన్స్‌లో ఒక పెద్ద క్లబ్బు పిలిచింది. మొదటి శీతాకాలం చలికి తాళలేక నన్ను ఇంట్లో కూడా పెట్టుకునే అన్నం తిన్నాడు. క్రమంగా అక్కడా పేరొచ్చింది. సరిగ్గా అప్పుడే ఆపియాలో పక్క దీవుల దేశం తోంగాతో దేశపు మ్యాచ్ పడింది. క్లబ్బు మేనేజరు బొనాక్ అతన్ని కూర్చోబెట్టి మర్యాదగానే చెప్పాడు. "వెళ్లడం నీ హక్కు, కాదనను. ఆ వారమే మనకు ముఖ్యమైన ఆట ఉంది. తిరిగొచ్చేసరికి నీ చోటు నీకుంటుందని మాత్రం మాటివ్వలేను."

పెతెలో అక్కకు ఫోన్ చేశాడు.

"ఏం చెయ్యమంటావు?"

ఫువాతినో అంది: "రాకపోతే తిట్టేవాళ్లెవరూ లేర్రా. టీవీలో చూసుకుంటాం. కాకపోతే టీవీవాడు బంతి వెంట పోతాడు. స్క్రమ్‌లో నీ నడుం ఎంత కిందికి ఉందో చూపించడు. అదొక్కటి నా కళ్లతో చూడాలని ఉంది."

మర్నాడే బయల్దేరాడు.

ఆపియాలో ఆ రోజు కుండపోత. ఆట ముగింపుకొచ్చింది. సమోవాది పైచేయే, కానీ తేడా వెంట్రుకవాసి. మేం కాపాడుకోవాల్సిన గీతకు అయిదు మీటర్ల దూరంలో స్క్రమ్. ఎదుటి తోంగా మనిషి పెతెలో కన్నా బరువు. తోసేస్తున్నాడు. పెతెలో నడుం పైకి లేస్తోంది, కాళ్లు బురదలో జారుతున్నాయి. ఇక అయిపోయిందనుకున్నాను. అంతలో ఏమైందో, నడుం ఒక్కసారిగా దిగింది. కాళ్లు పాతుకున్నాయి. తోంగా వరస విరిగింది. రిఫరీ ఈల వేసి, బంతి మాదేనని మావైపు చెయ్యి చూపించాడు. గెలిచాం.

ఇంటి దగ్గర భోజనాలప్పుడు పెతెలో అక్క పక్కకు జరిగాడు.

"నువ్వరిచింది వినబడిందక్కా."

"నేనెప్పుడు అరిచాను?"

"చివరి స్క్రమ్‌లో. నడుం దించరా అని."

"నా నోట్లో సీమపనస ముక్క ఉందిరా అప్పుడు. భయానికి నమలడం కూడా మర్చిపోయాను."

ఆ స్క్రమ్‌లో నేను అతని రెండు చెవులనూ అంటిపెట్టుకునే ఉన్నాను. వానా, మగాళ్ల ఆయాసమూ తప్ప నాకేమీ వినబడలేదు. మనుషుల చెవుల్ని కాయడమే నా పని. లోపలి సంగతి నాకు తెలియదు.

తిరిగి వెళ్లేసరికి క్లబ్బులో అతని చోట ఇంకొకడున్నాడు. బొనాక్ అన్న మాట నిలబెట్టుకున్నాడు. పెతెలో ఒక కొండ ఊళ్లో చిన్న జట్టులో చేరాడు. అక్కడ పక్కన నిలబడి తోసేవాడు ఊరి రొట్టెల బట్టీవాడు. ఆట ఓడినా గెలిచినా అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినేవారు. పెతెలో నవ్వడం నేర్చుకున్నది అక్కడే. దేశం పిలిచిన ప్రతిసారీ వెళ్లి ఆడాడు. కొన్ని గెలిచాడు, ఎక్కువే ఓడాడు. అతని బొమ్మ ఏ గోడమీదా ఎక్కలేదు. అందుకు అతను బెంగపడిందీ లేదు.

వయసు మీరాక సవాయికి వచ్చేశాడు. ఇప్పుడు అక్కా తమ్ముడూ కలిసి ఊరి ఆడపిల్లలకు ఆట నేర్పుతున్నారు. ఆ మధ్య ఆపియా నుంచి ఆట సామాన్ల ప్రదర్శన పెట్టేవాళ్లు వచ్చి, గాజు పెట్టెలో ఉంచుతాం, నన్ను ఇమ్మన్నారు.

"అది మా అక్కది. వాడుకోవడానికి తీసుకున్నాను" అన్నాడు పెతెలో.

"అయితే తిరిగిచ్చెయ్" అని ఫువాతినో నన్ను లాక్కుని, వాళ్లకు అతని పాత బూట్లు ఇచ్చి పంపించింది. బూట్లను గాజులో పెట్టి చూసుకునే మనుషుల్ని తలచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

నిన్న సాయంత్రం అభ్యాసానికి ఒకమ్మాయి రాలేదు. ముందు వరసలో ఒక తల తక్కువైంది. ఆ జట్టుకెదురుగా పెతెలో వంగి ఉన్నాడు. ఫువాతినో నన్ను తలకు తొడుక్కుంది.

"మోకాలో?" అన్నాడు పెతెలో.

"మోకాలితో తొయ్యనుగా."

తలలు దూరాయి. ఆమె చెవికీ అతని చెవికీ మధ్య నేను. ఇన్నేళ్లలో ఆ ఇద్దరూ నిజమైన స్క్రమ్‌లో ఎదురుపడడం అదే మొదలు. తోశారు. ఊపిరి బిగపట్టారు. ముందు పెతెలో పాదం ఒక బెత్తెడు వెనక్కి జరిగింది. తర్వాత రెండోది. అమ్మాయిలు కేరింతలు కొట్టారు.

"నాకోసం వదిలేశావా?" అని అడిగింది ఫువాతినో, తలెత్తకుండానే.

"లేదక్కా" అన్నాడతను.

అతని మెడ నరాలు తాళ్లలా బిగుసుకుని నాకు ఒత్తుకుంటున్నాయి. అతను చెప్పింది నిజమే.