ఎనభై మూడో నిమిషం

కెప్టెన్ ఆమె ఇంటికి రావడం ఇరవై తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. బూట్లు విప్పకుండానే లోపలికి వచ్చి, కూర్చోమనకముందే కూర్చొని, ఆమె అట్ట వేస్తున్న పాత నిఘంటువును మోచేత్తో పక్కకు నెట్టి, బల్లమీద ఒక ఫైలు పెట్టాడు. కాలేజీ పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు యాభై ఏళ్ళు నిండుతున్నాయి. చరిత్ర గ్రంథం వేస్తున్నారు. గ్రంథం కమిటీకి అధ్యక్షుడు ఒకప్పటి కెప్టెన్ అయిన ఆయనే. లోపలి ఫొటోల్లో సగం కూడా ఆయనవే.

"స్కోరమ్మగారూ, ముందుమాట నేను రాసి పడేశాను. ఫొటోలు రెడీ. ఇక రికార్డులే మిగిలాయి. స్కోరు పుస్తకాల్లో మీ గీతలూ చుక్కలూ మాకెవరికీ అర్థమై చావడం లేదు. మీరు కూర్చుంటే తప్ప పని తెమలదు."

"నేను రిటైరై ఏడాది దాటిందండీ."

"ఉద్యోగం నుంచి రిటైరవుతారు గానీ రికార్డుల నుంచి మీరెక్కడ రిటైరవుతారు!" తన మాటకు తానే గట్టిగా నవ్వుకొని, కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. "ఒక్క చిన్న కోరిక. కప్పు చేజారిన ఆ ఫైనల్ ఉంది చూశారూ, దాని పక్కన ఒక నోట్ పడాలి. గోల్‌కీపర్ అమ్ముడుపోయిన మ్యాచ్ అని. జనం చదివేది ఇలాంటివేనండీ. పుస్తకానికి కాస్త ఉప్పూ కారం ఉండొద్దూ?"

"ఆ గోల్‌కీపర్ మా తమ్ముడు."

"అయ్యో, తెలియదాండీ! అందుకేగా ముందే మీ చెవిన వేస్తున్నాను. పేరు వద్దులెండి, పేరు వేయం. ఇన్నేళ్ళయ్యాక ఇంకా ఏముందండీ మనసులో పెట్టుకోవడానికి?"

ఆమె జిగురు గిన్నెకు మూత పెట్టింది. వేళ్ళకు అంటిన జిగురు గుడ్డతో ఒక్కొక్క వేలే తుడుచుకుంది.

"సరేనండీ. నోట్ తప్పకుండా వేస్తాను. ఒక్కటే షరతు. రికార్డుల ప్రతి పేజీ మీదా మీ సంతకం ఉండాలి. సంతకం లేని పేజీ ప్రెస్సుకు పోదు. మన జట్టు పద్ధతి అదే కదా."

"సంతకమేగా! వంద పెడతాను."

జట్టు పద్ధతి అన్నది ఉత్తినే అనలేదామె. ఆ పద్ధతి పెట్టినవాడు డ్రిల్లు మాస్టారు, ఎప్పుడో పోయాడు. స్కోరు రాసేవాళ్ళు ఎక్కడైనా బల్ల దగ్గర గొడుగు కింద కూర్చుంటారు. ఆయన ఒప్పుకొనేవాడు కాదు. చివరి పావుగంట మన గోలు వెనక, వలకు ఆనుకొని, స్టూలు వేసుకొని కూర్చోవాలి. గోలు ఎవరిదో తేలాలంటే గోలు వెనక ఉండాలమ్మా, ముందు ఉన్నవాడికి వీపులే కనబడతాయి, అనేవాడు. ప్రతి గోలుకూ నిమిషం, బంతిని చివరగా తాకినవాడు, ఏ అవయవంతో తాకాడు అన్నవి రాయాలి. ఆట ముగిశాక ఇద్దరు కెప్టెన్లూ సంతకం చేయాలి. పైది తెల్ల కాగితం, కింద కార్బన్, దాని కింద పసుపు కాగితం. తెల్లది పుస్తకంలో ఉంటుంది. పసుపుది అక్కడికక్కడే చింపి ఎదుటి జట్టు చేతికివ్వాలి.

ఆమె ఆఫీసు గుమాస్తాగా చేరి అప్పటికి అయిదో నెల. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంటికి జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. తల్లి మంచంలో ఉంది. తమ్ముడు అదే కాలేజీలో రెండో సంవత్సరం, జట్టుకు గోల్‌కీపర్. చేతికి అందిన బంతి మరి జారదని అందరూ వాణ్ణి జిగురు అని పిలిచేవారు. ఆ ఏడు వరసగా పదకొండు మ్యాచుల్లో వాడి మీద ఒక్క గోలూ పడలేదు.

పన్నెండోది ఫైనల్. ఉదయం నుంచీ వాన. ఎనభై మూడో నిమిషంలో ఎదుటివాళ్ళకు కార్నర్ దొరికింది. గోలు ముందు పదిహేను మంది బురదలో ఒకరినొకరు తోసుకుంటున్నారు. గోలు వెనక స్టూలు మీద, మోకాళ్ళపై పుస్తకం, పుస్తకంపై గొడుగు పెట్టుకొని ఆమె కూర్చుంది. బంతి వచ్చింది. తమ్ముడు సరైన పక్కకే దూకాడు. వాడి చేతులకు జానెడు దూరంలో, అడ్డొచ్చిన కెప్టెన్ ఎడమ మోకాలికి తగిలి, దారి మళ్ళి వలలో పడింది. ఆమెకు ఆ మోకాలు మీది బురద కూడా కనబడింది. కనబడింది కనబడినట్టు రాసింది. ఆట ముగిశాక కెప్టెన్ పుస్తకంకేసి చూడనైనా చూడకుండా, తడి చేత్తో గీకేసి వెళ్ళిపోయాడు. ఎదుటి కెప్టెన్ చదివి, నవ్వి, సంతకం చేసి పసుపు కాగితం జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు కెప్టెన్ తన గోల్స్ లెక్క చూసుకోవాలని డ్రిల్లు మాస్టారి దగ్గర బీరువా తాళం అడిగి పుచ్చుకున్నాడు. మూడో రోజుకు కాలేజీ అంతా ఒకటే మాట: జిగురు కావాలనే వదిలేశాడట, అమ్ముడుపోయాడట. విచారణ సంఘం కూర్చుంది. స్కోరు పుస్తకం తెరిస్తే ఆ పేజీ లేదు. కుట్టు దగ్గర అంగుళం తెల్ల పీలిక మిగిలింది. ఎదుటివాళ్ళ దగ్గరున్న పసుపు కాగితం తెప్పిద్దామని ఎవరూ అనలేదు, ఆమె కూడా.

"పేజీ పోతే పోయింది. నువ్వు వెనకే కూర్చున్నావటగా. ఏం చూశావమ్మా?" అని సంఘం పెద్ద ఆమెను అడిగాడు. ఆమె ఉద్యోగం ఖాయం చేయవలసిన సంతకం కూడా ఆయనదే. ఆయన పక్కన కుర్చీలో కెప్టెన్ మేనమామ, కాలేజీ పాలకవర్గ సభ్యుడు. గోడ పక్క బెంచీ మీద తమ్ముడు.

"వానండీ. సరిగా కనబడలేదు."

అంతే. తమ్ముడి పేరు జట్టులోంచి, తర్వాత హాస్టల్లోంచి, ఆ తర్వాత కాలేజీలోంచి కొట్టేశారు. వాడు కుట్టుమిషన్లు బాగుచేయడం నేర్చుకొని చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం అక్క ఇంటికి వచ్చి భోంచేసి వెళ్ళేవాడు. ఆ రోజు గురించి ఒక్కసారీ ఎత్తలేదు. తిట్టి ఉంటే ఆమె బతికిపోయేది.

కెప్టెన్ వచ్చి వెళ్ళిన రెండోరోజు ఆమె బస్సెక్కి ఎదుటి కాలేజీకి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఎందుకు వెళ్ళలేదో ఆమెకు తెలుసు. ఆ పసుపు కాగితం దొరికితే, అబద్ధమాడిన నోటితోనే నిజం చెప్పాలి. దాని జోలికి పోకపోవడమే ఆమెకు నెమ్మదిగా ఉండేది.

రికార్డుల గది చూసే అమ్మాయి చక్రాల నిచ్చెన ఎక్కి పైఅరలో వెతికింది. "వాన ఫైనలా? ఆ ఫైలు వెతకక్కర్లేదండీ, ఏటా ఎవరో ఒకరు తీయిస్తూనే ఉంటారు" అంటూ దిగింది.

"ఎందుకు?"

"కొత్తగా చేరిన ఆటగాళ్ళకు చూపించి నవ్వుకోవడానికి. మా కాలేజీ గోల్స్ పట్టికలో మీ కెప్టెన్ పేరుంది కదండీ! ఎడమ మోకాలుతో ఒక గోలు. మా పాత కెప్టెన్ సార్ వస్తే దీనికి దణ్ణం పెట్టి మరీ వెళ్తారు."

పసుపు వెలిసి గంధం రంగుకు వచ్చింది. కార్బన్ నీలం మాత్రం చెక్కు చెదరలేదు. ఆమె అక్షరాలు, కింద తడిచేతి గీకుడు, పక్కన నింపాదిగా చేసిన రెండో సంతకం. ఇన్నేళ్ళుగా ఇక్కడ అందరూ నవ్వుకుంటున్న నిజం తమ కాలేజీలో దాగినందుకు ఒకడి బతుకు బుగ్గిపాలైంది. ఆమె ముద్ర వేయించి నకలు తీసుకుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఎవరినైనా చంపాలంటే ఎంత నెమ్మది కావాలో మొదటిసారి అర్థం చేసుకుంది.

మూడు నెలలు రాసింది. ఆరు వందల పన్నెండు మ్యాచులు. ఎవరికీ ఒక్క గోలు ఎక్కువా వేయలేదు, తక్కువా వేయలేదు. కెప్టెన్ స్వయంగా మరిచిపోయిన రెండు గోల్స్ కూడా వెతికి ఆయన ఖాతాలో కలిపింది. ఆయనకు దక్కవలసినదంతా దక్కాలన్నదే ఆమె పట్టుదల.

నలభై మూడు పేజీల ప్రూఫు పట్టుకొని ఆయన ఆఫీసుకు వెళ్ళిన రోజు, ఆయన చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకొని ఎవరితోనో వేదిక అలంకరణ గురించి మాట్లాడుతున్నాడు. ఎడమచేత్తో కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. ఒక్కొక్క పేజీ తిప్పి ముందు పెట్టింది. ఆయన ఒక్కొక్కదాని మీదా గీకాడు. ముప్పై ఒకటో పేజీ దగ్గర ఆమె వేలు ఆనించి ఆగింది.

"ఇది ఆ ఫైనల్ పేజీ అండీ. మీరడిగిన నోట్ ఇందులోనే వేశాను. ఒకసారి చదవండి."

ఆయన ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "మీరు రాశాక నేను చదివేదేముందండీ? మీ మీద నాకా మాత్రం నమ్మకం లేదా!" అన్నాడు.

"చదివితే మంచిదండీ."

"స్కోరమ్మా, మీ చాదస్తంతో నన్ను చంపకండి" అని సంతకం చేసి, ఫోనులోకి మళ్ళీ దూరాడు. "ఆఁ, పూలు తెల్లవే పెట్టండి..."

రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పవలసిన బాధ్యత ఆమెకు ఏ పద్ధతిలోనూ లేదు.

ఆవిష్కరణ మైదానం పక్క గ్యాలరీ కింద, ఉదయం పది గంటలకు. పాత ఆటగాళ్ళు పొట్టలు వేసుకొని, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చారు. ఎదుటి కాలేజీ పాత కెప్టెన్ గౌరవ అతిథి. ఇప్పుడు నున్నటి బట్టతల. రిబ్బన్లు విప్పీ విప్పకముందే అందరూ వెనక పేజీలు తిరగేశారు. అలాంటి పుస్తకం చేతికొస్తే మనిషన్నవాడు ముందు వెతికేది తన పేరునే కదా.

బట్టతలాయన మైకు ముందుకు వచ్చాడు.

"మీవాళ్ళకు గుండె ధైర్యం ఎక్కువయ్యా! ఈ మోకాలు సంగతి మీరు అచ్చు వేస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. ఇన్నాళ్ళూ మీ కెప్టెన్ ఎక్కడ కనబడినా గోల్‌కీపర్ అమ్ముడుపోయాడనేవాడు. నేనేమో తమాషాకంటున్నాడులే అనుకున్నాను. చదవనా?"

వద్దనేలోపే చదివాడు:

"ఎనభై మూడో నిమిషం. కార్నర్. బంతిని చివరగా తాకినది మన కెప్టెన్, ఎడమ మోకాలు. సెల్ఫ్ గోల్. గోల్‌కీపర్ దోషం లేదు. ఆధారం: ప్రత్యర్థి కళాశాలలో ఉన్న పసుపు నకలు, ఇద్దరు కెప్టెన్ల సంతకాలతో. మన పుస్తకంలోని తెల్ల కాగితం విచారణకు ముందే చింపివేయబడినది. ఆ నడుమ బీరువా తాళం పుచ్చుకొన్నది కెప్టెన్ ఒక్కరే. విచారణలో స్కోరర్ తనకు కనబడలేదని చెప్పినది. ఆమెకు కనబడినది."

వెనక వరసలో ఎవరో పట్టిక చూసి పైకే అనేశాడు: "ఎదుటి వలలో అరవై, సొంత వలలో ఒకటి. మొత్తం అరవై ఒకటిరోయ్!" నవ్వు ఒక మూల పుట్టి వరసలు దాటి వేదిక దాకా వచ్చింది. కెప్టెన్ కొడుకు తండ్రి ముఖంలోకి చూస్తున్నాడు.

కెప్టెన్ మెట్లు దిగి, ఆమె కుర్చీ ముందు నిలబడ్డాడు. "ఇంత విషం కడుపులో పెట్టుకొని నా ఎదుట సంతకాలు చేయించావా?"

"రెండుసార్లు చదవమన్నానండీ. ఆ రోజు మైదానంలోనూ చదవలేదు, ఇప్పుడూ చదవలేదు."

"అన్ని కాపీలూ తగలబెట్టిస్తాను!"

"ఇక్కడివి పోగా వెయ్యి కాపీలు నిన్ననే వెళ్ళిపోయాయండీ. ప్రతి పాత ఆటగాడి ఇంటికీ పంపాలని పోస్టు చేయించింది మీరే. అసలు ప్రూఫు మీ సంతకాలతో నా దగ్గరుంది. ఈసారి తాళం నా కొంగునే ఉంది."

ఆయన వేదిక వైపు వెళ్ళాలా గేటు వైపు వెళ్ళాలా తేల్చుకోలేక మధ్యలో నిలబడిపోయాడు. ఆమె లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకొని, ఆయన్ను చుట్టుకొని బయటికి నడిచింది.

తమ్ముడి దుకాణంలో ఒక దర్జీ తన మిషన్ కోసం ఎదురుచూస్తూ స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె పేజీ తెరిచి పుస్తకం తమ్ముడి ముందు పెట్టింది. వాడు నూనె చేతులు తుడుచుకొని, కళ్ళజోడు పెట్టుకొని, పెదవులు కదుపుతూ చదివాడు. చివరి రెండు వాక్యాలు మళ్ళీ చదివాడు.

"గోలు పడగానే వెనక్కి తిరిగి చూశానక్కా. నీ పెన్ను కదులుతోంది. అక్క రాసుకుంది కదా, ఇక భయం లేదు అనుకున్నాను."

కెప్టెన్ కోసం మూడు నెలలు పదునుపెట్టిన మాటల్లో వీడికి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

వాడు పుస్తకాన్ని ఆమె వైపు తిప్పాడు. నూనె మరక ఉన్న వేలు ఆ చివరి రెండు వాక్యాల కింద పెట్టాడు.

"చదువు."

"నువ్వు చదివావు కదరా."

"ఆ రోజు బెంచీ మీద కూర్చొని నీ నోటితోనే విన్నాను. ఇదీ నీ నోటితోనే వినాలి. గట్టిగా చదువక్కా, ఈయనకూ వినబడాలి."

దర్జీ ఇబ్బందిగా అటూ ఇటూ కదిలి, లేవబోయి, తమ్ముడి చూపు చూసి కూర్చున్నాడు.

ఆమె చదివింది. పెదవులే కదిలాయి.

"వినబడలేదు" అన్నాడు తమ్ముడు, మిషన్ చక్రం మీద చెయ్యి ఆనించి.

ఆమె పుస్తకం రెండు చేతుల్లోకి తీసుకొని మళ్ళీ మొదలుపెట్టింది.