ఆకురాయి పట్టిన తురాయి గింజలు

తుపానుకు మా వీధిలో కూలిన చెట్లలో నెరేయిదా పార్లర్ ముందున్న తురాయి ఒకటి. ప్యూర్టోరికో దక్షిణ తీరంలో ఎండలు మామూలువి కావు. ఆ నీడ పోయేసరికి గుమ్మంలో నిలబడలేకపోయాం. కొమ్మలు నరికి లారీకెత్తుతుంటే నెరేయిదా వెళ్ళి, మూరెడు పొడవున్న నల్లటి కాయలు నాలుగు తెంపుకొచ్చింది. ఆమె గోళ్ళకు రంగులు వేస్తుంది. నేను అక్కడే జుట్టు కత్తిరిస్తాను.

పక్కింటి పెద్దాయన దోన్ ఫెర్మీన్ ముప్పై ఏళ్ళు నర్సరీలో చేసిన మనిషి. కాయలు చూసి నవ్వాడు.

"గింజలు రాళ్ళమ్మా. మరిగే నీళ్ళలో వేసి తెల్లారేదాకా వదిలెయ్యి. మేమలాగే చేసేవాళ్ళం."

"ఎన్ని మొలిచేవి?"

"పదికి మూడు."

"మిగతా ఏడూ ఉడికిపోయేవన్నమాట. నేను పులుసు పెట్టడం లేదు లెండి."

"మరేం చేస్తావ్, గోళ్ళ రంగేస్తావా?"

"రంగు కాదు. ఆకురాయి పడతాను."

అన్నట్టే చేసింది. గింజను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, గోళ్ళు అరగదీసే ఆకురాయితో ఒక అంచున లోపలి తెలుపు కనిపించేదాకా రుద్దింది.

"ఇంకొంచెం రుద్దితే?" అన్నాను.

"పప్పుకి తగులుద్ది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఎక్కడ ఆపాలో నా వేళ్ళకి తెలుసు."

అలా పన్నెండు గింజలు అరగదీసి మామూలు నీళ్ళలో నానేసింది. మర్నాటికి పదకొండు ఉబ్బి రెట్టింపయ్యాయి. ఉబ్బని దాన్ని మళ్ళీ అరగదీసింది. అడుగున చిల్లులు పొడిచిన కాఫీ డబ్బాల్లో నాటితే ఆరో రోజున మొదటి మొలక మట్టిని ఎత్తింది. మరో వారం తిరిగేసరికి పన్నెండూ లేచాయి.

ఫెర్మీన్ పేపరు చదివే వంకతో రోజూ వచ్చేవాడు. తనూ పన్నెండు గింజలు మరిగించి నాటాడు. నాలుగే వచ్చాయి. ఒకరోజు పేపరు మడిచి, "ఆ ఆకురాయి ఒకసారి ఇలా ఇవ్వమ్మా" అన్నాడు.

"కొత్తదే తీసుకోండి," అంది నెరేయిదా.

మరుసటి వానాకాలానికి మొక్కలు నడుమెత్తు పెరిగాయి. ఇరుగుపొరుగుకు పంచగా మిగిలినదాన్ని పాత చెట్టు ఉన్నచోటే పెట్టాలని గొయ్యి తవ్వింది. ఫెర్మీన్ వచ్చి ఆ గోతిలో కాలు పెట్టి నిలబడ్డాడు.

"ఇక్కడొద్దు. పాత చెట్టు వేళ్ళకే నీ గుమ్మం బీటలిచ్చింది. ఈసారి గోడ నిలవదు."

నెరేయిదా వంగి ఆ బీటలో వేలు పెట్టి చూసింది.

"మరెక్కడ?"

"రోడ్డవతల, బస్సు ఆగేచోట. బోలెడు జాగా."

"సరే, ఈ మాట మాత్రం వింటాను," అని పార తీసుకుని రోడ్డు దాటింది.

ఆరో ఏడు జూన్‌లో అది పూసింది. నెరేయిదా పార్లర్‌కొచ్చిన ఒకామెకి ఒక చేతికి రంగేసి, రెండో చెయ్యి వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తింది. ఆరని గోళ్ళు ఊదుకుంటూ ఆవిడ కూడా వెనకే వచ్చింది. పైనున్న మూడు కొమ్మల్లో ఎర్రగా పూలు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళూ తలలెత్తారు.

ఫెర్మీన్ కర్ర ఊతంతో చేరుకుని పరీక్షగా చూశాడు. "మూడు కొమ్మలే. వచ్చే ఏడు చూడు, చెట్టంతా పూస్తుంది."

"వచ్చే ఏటి సంగతి అప్పుడు," అంది నెరేయిదా. "ముందు వీటిని చూడనివ్వండి."