లకుముకిపిట్ట వీపు

గొంతు దగ్గర ఇబ్బంది లేదు, తెల్లటి లైనింగు ముక్క సరిపోయింది. తలకూ పొట్టకూ కాఫీపొడి రంగు. ముక్కుకు పండుమిరప ఎరుపు. ఇక మిగిలింది వీపు.

శివపార్వతి ఘాట్ చివరి మెట్టు మీద కూర్చుని, పిన్నీసుకు గుచ్చిన నీలం ముక్కల గుత్తిని చెయ్యి చాచి పట్టుకుంది. ఒక్కో ముక్కా తిప్పుతూ, నది మీదికి వంగిన తుమ్మకొమ్మపై కూర్చున్న లకుముకిపిట్టతో పోల్చి చూస్తోంది. ఒళ్లో అట్ట ఉంది. థాను బట్ట అమ్ముడైపోయాక లోపల మిగిలే అట్ట అది. షాపులో పారేసే ఆ అట్టలను ఆమె భవానీపురంలోని తన గదికి తెచ్చుకుంటుంది. ఒక్కో అట్టకు ఒక్కో పిట్ట. పెన్సిలుతో బొమ్మ గీసి, రంగు వెయ్యాల్సిన చోట బట్టముక్క గుచ్చుతుంది. రంగుపెట్టె ఏనాడూ కొనలేదు. వన్‌టౌన్ మ్యాచింగ్ సెంటర్లో పనిచేసే మనిషికి రంగుపెట్టె ఎందుకు?

పిట్ట ఆమెను పట్టించుకోలేదు. తల ఓ పక్కకు వాల్చి నీళ్లలోకి చూస్తోంది, ఎవరో తనకు బాకీ ఉన్నట్టు. ఉన్నట్టుండి రాయిలా పడి, చేపపిల్లతో పైకి లేచింది. ఆ ఒక్క క్షణం వీపు భగ్గుమంది. పార్వతి ఆత్రంగా గుత్తి వైపు చూసింది. మధ్యలోని ముక్కలన్నీ ఒకేలా, పొగ పట్టినట్టు కనిపించాయి.

కంటి నరం దెబ్బతింటోందని డాక్టరు సంక్రాంతికి ముందే చెప్పాడు. పోయిన చూపు ఆపరేషనుతో తిరిగి రాదనీ, ఉన్నది నిలబడాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలనీ అన్నాడు. రంగుల్లో అన్నిటికన్నా ముందు నీలాలు చెయ్యిజారాయి. ఈ సంగతి షాపులో ఎవరికీ చెప్పలేదు. రంగు తెలియని మనిషికి మ్యాచింగ్ సెంటర్లో ఏం పని? అందుకే రెండు తాపత్రయాలు ఆమెకు. కౌంటరు దగ్గర నిలబడగలిగినన్నాళ్లు నిలబడాలి. చూపు ఇంకా మసకబారేలోగా ఈ వీపు సంగతి తేల్చాలి.

అసలీ పిట్టల పిచ్చి షాపులోనే పుట్టింది. లారీ ఆఫీసులో గుమాస్తాగా చేసే భర్త జ్వరంతో పోయాక, దసరా సీజనుకని చేరిన షాపు అది. సీజను అయిపోయినా పొమ్మని ఎవరూ అనలేదు, ఆమె కూడా వెళ్లలేదు. చిలకపచ్చ, నెమలికంఠం, పావురం రంగు అంటూ పొద్దస్తమానం పిట్టల పేర్లతోనే బట్టలు అమ్మేది. ఒకరోజు టీ తాగుతుంటే ఎదురుగా చూరు మీద పావురం వాలింది. పార్వతి గ్లాసు పక్కన పెట్టి, పావురం రంగు థాను తెచ్చి గుమ్మంలో పట్టుకుని చూసింది. దగ్గర దగ్గరగా కూడా లేదు. ఇన్నేళ్లూ జనానికి ఏం అమ్మినట్టు? మిగతావి ఎంతవరకు నిజమో చూద్దామనుకుంది. చిలకపచ్చ నిజమే. గోరింక కంటి చుట్టూ ఉండే పసుపుకు చచ్చీచెడీ ఒక ముక్క దొరికింది. కాకి నలుపు ఒక నలుపు కాదని తెలిసి, రెండు రోజులు అదే ఆలోచన.

ఘాట్ నుంచి ఆమె వచ్చి, ఆ రోజు షాపు తెరిచిన కాసేపటికి, మొన్న జాకెట్టు ముక్క కొనుక్కెళ్లిన అమ్మాయి చీర సంచీతో మళ్లీ వచ్చింది. పటమటలో ఉంటుంది, పేరు శాంభవి.

"ఏమీ అనుకోకండి ఆంటీ. మా అత్తగారు చూసి, చీర ఒక ఊరిది, జాకెట్టు ఒక ఊరిదీనా అని అడిగారు."

పార్వతి ముక్కను చీర అంచు మీద పెట్టింది. ఆమె కళ్లకు రెండూ ఒకటే.

ట్యూబులైటు వెలుగులో రంగు నమ్మకూడదు. థానునూ చీరనూ గుమ్మంలోకి తీసుకెళ్లి ఎండలో పక్కపక్కన పెట్టి చూడాలి. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ ఆమె నేర్పే మొదటి పాఠం అదే. కానీ ఈ మధ్య ఎండ కళ్లలో గుచ్చుకుంటోంది. అందుకని అరల వరస గుర్తుపెట్టుకుని, చెయ్యి పోయిన చోటినుంచి థాను లాగుతోంది. ఎడమనుంచి నాలుగో అరలో, పైన నెమలికంఠం. కొత్త సరుకుకు చోటు కావాలని పక్క కౌంటరు రూతు ఆ అరలు సర్దిన సంగతి ఆమెకు తెలియదు.

రూతు నలభై దాటిన మనిషి, నోరు గట్టిది. ముక్కను చూసింది, పార్వతిని చూసింది.

"నేనే తప్పు థాను అందించానమ్మా. మార్చి ఇస్తా."

"నువ్వు కాదు రూతూ. నేనే తీశాను," అంది పార్వతి.

శాంభవి కొత్త ముక్క తీసుకుని వెళ్లాక ఓనరు దుర్గాప్రసాద్ దగ్గరికి వచ్చాడు. తండ్రి తర్వాత షాపు చూసుకుంటున్నవాడు, గట్టిగా మాట్లాడడు.

"పార్వతిగారూ, రేపట్నించి తెల్ల లైనింగుల దగ్గరుండండి. కుర్చీ కూడా వేయిస్తాను. ఎన్నాళ్లని నిలబడతారు?"

తిట్టి ఉంటే ఏదో ఒకటి అనేది. తల ఊపింది.

సాయంత్రం రూతు ఆమె వెనకే బయల్దేరింది.

"ఎన్నాళ్లనించక్కా?"

"ఏది?"

"నా దగ్గరా? నెమలికంఠానికీ చిలకపచ్చకీ తేడా తెలియకుండా జాకెట్టు కోశావు. చీకట్లో ఇచ్చినా కోసేదానివి కాదు నువ్వు."

డాక్టరు అన్నదంతా పార్వతి చెప్పింది. రూతు ఆమె సంచీ లాక్కుని తన భుజానికి తగిలించుకుంది.

కాలువ వంతెన దగ్గర తీగ మీద లకుముకిపిట్ట కూర్చుని ఉంది. పార్వతి ఆగిపోయింది.

"దీనికోసమా పొద్దున్నే ఘాట్‌కి పరిగెత్తేది? మా వీధి మురుక్కాలవ దగ్గర రోజూ చూస్తాను దీన్ని. అడిగితే ఇంటికే పంపేదాన్ని కదా."

"వీపు చూడు. ఇందులో ఏది?" అని గుత్తి చేతికిచ్చింది పార్వతి.

రూతు ఒక కన్ను మూసుకుని, షాపులో నేర్చుకున్నట్టే చెయ్యి చాచి పోల్చింది. "ఇదిగో, ఇదే. సముద్రం నీలం... ఉండు. తిరిగింది. ఇప్పుడిది కాదు, పచ్చ కొడుతోంది. ఇదీ... అబ్బ, మళ్లీ నీలం. ఏంటక్కా, బేరానికొచ్చినదానిలా అటూ ఇటూ తిరుగుతుంది?"

"తిరిగితే మారుతోందా? వెలుతురు మారకుండానే?"

"అవును. అక్కడే కూర్చుంది, అటు తిరిగితే ఒకటి, ఇటు తిరిగితే ఒకటి."

పార్వతి వంతెన గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. దారిన పోయేవాళ్లు చూసినా ఆపలేదు.

"డబుల్ షేడే అది. నీలం పడుగు, పచ్చ పేక. ఇన్నాళ్లూ వట్టి నీలాల్లో వెతికాను రూతూ. నా కళ్లు నిక్షేపంగా ఉన్న రోజుల్లో కూడా దొరికేది కాదు."

మర్నాడు అందరికన్నా ముందు వచ్చింది. పట్టు థాన్ల అర ముందు నిలబడి, వేళ్లతో బట్ట నలుపుతూ ఒకటి లాగింది. డబుల్ షేడ్ పట్టు చేతికి కాస్త బిరుసుగా తగులుతుంది. "ఇదేనా?" అంది. రూతు గుమ్మంలోకి తీసుకెళ్లి ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదే," అంది.

ఆ తర్వాత పార్వతి దుర్గాప్రసాద్‌తో, అవనిగడ్డలో చెల్లెలు రమ్మంటోందనీ, వెళ్తున్నాననీ చెప్పింది.

"కుర్చీ తెప్పించానండీ," అన్నాడతను నొచ్చుకుంటూ.

"కూర్చోవడానికైతే ఇల్లుంది కదా బాబూ."

"అక్కడ పిట్టల్ని ఎట్లా చూస్తావక్కా?" అంది రూతు.

"మా చెల్లెలికి కళ్లున్నాయి. నాకు ప్రశ్నలున్నాయి," అని సంచీ అందుకుంది పార్వతి.

కుర్చీలో ఇప్పుడు చీరలు తెచ్చినవాళ్లు కూర్చుంటున్నారు. రంగు చూడ్డానికి రూతు వాళ్లను గుమ్మంలోకి తీసుకెళ్లినప్పుడల్లా, ద్వారబంధానికి మేకుతో కొట్టిన పాత అట్ట ఒకటి కనిపిస్తుంది. దాని మీద పెన్సిలు లకుముకిపిట్ట, వీపున ఒక్క గుండుసూదికి వేలాడే పట్టుముక్క. వీధిలో ఆటో పోయిన గాలికి అది ఓసారి నీలంగా, ఓసారి పచ్చగా తిరుగుతూ ఉంటుంది.