ఐదింటికల్లా అందాల్సిన లెక్క

ల్యాబ్‌లో అందరూ ఆమెను కంగారమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవారు, ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు, ఆమె పలుకుతోంది కూడా. ఆ రోజు మాత్రం పేరుకు మించి, పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

తిరగదూ మరి! సాయంత్రం ఐదింటితో ఫెలోషిప్ గడువు సరి. ల్యాబ్ నుంచి దరఖాస్తు పెట్టేది ఇద్దరు, ఇచ్చేది ఒక్కరికే. బళ్ళో లెక్కలు చెప్పే ఉద్యోగం మానేసి, పిల్లాడు పుట్టాక మళ్ళీ చదువుకు వచ్చిన మనిషి. ఫెలోషిప్ వస్తే చదువుకో, పిల్లాణ్ణి నేను చూసుకుంటాను, రాకపోతే మళ్ళీ బడికి పో అని అత్తగారు ముందే తేల్చేసింది. మొగుడు ఎప్పట్లాగే అమ్మ మాటకు తలూపాడు.

మంటలంటుకున్న భవనంలో పొగ ఏ అంతస్తుకు ఎంతసేపట్లో చేరుతుందో కంప్యూటర్ చేత చెప్పించడం ఆమె పని. భవనాన్ని గడులు గడులుగా విడగొట్టి ఒక్కో గడికీ లెక్క కట్టాలి. గడి ఎంత చిన్నదైతే జవాబు అంత నమ్మకం, మెషిన్‌కు అంత ఆలస్యం. చిన్న గడుల ఫలితం లేకపోతే కమిటీ మొహం కూడా చూడదని గైడ్ మేడమ్ ఎప్పుడో చెప్పింది. కానీ కంగారమ్మ తప్పుల మీద తప్పులు చేసి, ల్యాబ్ అందరికీ ఉన్న ఒక్క మెషిన్ మీద తన వంతు గంటలన్నీ తగలేసింది. ఇక మిగిలింది పెద్ద గడుల లెక్క. అలాంటి చిన్న లెక్కకు వంతు గంటలక్కర్లేదు, మెషిన్ ఖాళీ అయితే చాలు. మధ్యాహ్నం మొదలైతే ఐదింటిలోపు ముగుస్తుంది. గుడ్డి కంటే మెల్ల నయం కదా.

అదీ కదలదే. వరసలో అట్టడుగున పడి ఉంది. మెషిన్ మొత్తాన్నీ నిన్నటి నుంచి తాబేలు లెక్క ఒక్కటే ఆక్రమించుకుని కూర్చుంది.

తాబేలంటే ఆ రెండో దరఖాస్తు పెట్టిన కుర్రాడు. నోరు తెరిచే ముందు రెండు గుటకలు మింగే రకం. వాడి దరఖాస్తు పోయిన వారమే వెళ్ళిపోయింది. మరి ఈ లెక్క దేనికి? తనకు మెషిన్ దొరక్కూడదని, ఇంకెందుకు? నిన్న వాడు అక్కా ఒక్క మాట అంటూ వస్తే, గడువయ్యేదాకా నా ప్రాణం తియ్యకు అని కసిరి పంపించింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రావడం కూడా ఏదో నాటకంలాగే తోచింది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా.

ఈ వారం మెషిన్ కాపలా వంతు ఆమెది. అత్యవసరమైతే ఎవరి లెక్కనైనా ఆపొచ్చు, కాకపోతే ఆ మనిషిని ముందు అడగాలి. తాబేలు కింద పరీక్ష హాల్లో కాపలా ఉన్నాడు. మెట్లు దిగితే అడగొచ్చు. అడిగితే కాదంటాడు. కాదన్నాక ఆపితే పెద్ద తగువు. ఆపే మీట మీద వేలు పెట్టింది. నొక్కేసింది.

ఆమె లెక్క కదిలింది. మనసు మాత్రం కుదుటపడలేదు. గోళ్ళు కొరుక్కుంటూ, తెర మీద అంకెలు చూస్తూ అలాగే కూర్చుంది.

నాలుగు దాటాక తాబేలు వచ్చాడు. వస్తూనే ఆమె తెర వైపు తొంగిచూసి నవ్వాడు.

"వచ్చేసిందా అక్కా? ఈపాటికి అయిపోవాలే."

"ఏది?"

"నీ లెక్కే, చిన్న గడులది. నీ గంటలైపోయాయి, నావి మిగిలాయి. నాకు వాటితో ఇక పనేముంది? అందరి ఫోల్డర్‌లో నీ ప్రోగ్రామ్ కనబడితే నా పేరు మీద నడిపించాను. నిన్న చెబుదామని వస్తే కసిరావు."

కంగారమ్మ ఆపింది తన లెక్కనే! మెషినే ఆగిపోయిందని చెప్పొచ్చు. కరెంటు మీదికి తోసెయ్యొచ్చు, దానికి నోరు లేదు. నోటిదాకా వచ్చింది కూడా.

"నేనే ఆపేశాను," అంది. "నాకు అడ్డం పడుతున్నావనుకున్నాను."

వాడు గుటక మింగాడు. తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది. సిగ్గుతో చచ్చిపోతూనే, ఆశ చావక అడిగింది, అప్పటిదాకా అయిన లెక్కను మెషిన్ మధ్యమధ్యలో ఎక్కడో దాచి ఉంటుంది కదా, ఆగిన చోట నుంచి ఎత్తుకుందామా అని.

"దాచమని పెట్టలేదక్కా. దాచుకుంటూ పోతే ఆలస్యమవుతుంది. నీకు ఐదింటికి అందదని నేనే తీసేశాను."

అప్పుడే తెర మీద పెద్ద గడుల లెక్క పూర్తయింది. ఆమె చేతులు ఒళ్ళో నుంచి లేవలేదు. తాబేలు ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"పంపించక్కా," అన్నాడు. "టైమవుతోంది."