మోసినవాళ్ళ కొసరు

కొసరు వేసే చెయ్యి ఊరుకోదు. కాశీబుగ్గ బజారులో కిరాణా కొట్టు నడిపే వైకుంఠరావుకి ఆ చెయ్యి వాళ్ళ నాన్న తిరుపతిరావు నుంచి వచ్చింది. పప్పు తూచి పొట్లం కట్టాక, అది దానంతటదే పక్కనున్న డబ్బాలోకి పోయి, గుప్పెడు పుట్నాలో, బెల్లం ముక్కో, ఆ రోజు మనసు బాగుంటే కాస్త జీడిపప్పు నూకో తీసి పైన వేస్తుంది. అలాంటి చేతిని అరవయ్యో ఏట కట్టిపెట్టమని కూతురు చెప్పింది.

కూతురు భాగ్యశ్రీ తెలివితక్కువదేం కాదు. విశాఖలో కొన్నేళ్ళు ఓ పెద్ద కొట్టు అజమాయిషీ చేసి, ఇప్పుడు నాన్న వ్యాపారం చూసుకోవడానికి వచ్చింది. హైవే పక్కన అద్దాల కొట్టు ఒకటి వెలిశాక ఉద్యోగస్తులంతా అటు తిరిగిపోయారని వచ్చిన వారంలోనే కనిపెట్టింది. అక్కడ కొన్నకొద్దీ ఫోన్లో పాయింట్లు పడతాయట, అవి పోగైతే బహుమతులట. మనమూ కార్డు పెడదాం, దసరాకి మొదలెడదాం అంది. ఏ సరుకు మీద ఎంత ఇస్తే కొట్టు మునిగిపోదో, పాయింట్లు ఎన్నాళ్ళు చెల్లాలో, గల్లా దగ్గర మనిషికి ఏం నేర్పాలో అన్నీ ఆలోచించింది. రెండూ ఇస్తే గిట్టదు గనక కొసరు మానెయ్యమంది. వైకుంఠరావు రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చుని, చివరికి సరేనన్నాడు. ఖాళీ కొట్లో పౌరుషం చూపిస్తే ఈగలు కూడా మెచ్చుకోవు.

దసరాకి ముందు కొద్దిమందితో నడిపి చూడాలి, అందరికన్నా నమ్మకంగా వచ్చేదెవరు నాన్నా అని అడిగింది భాగ్యశ్రీ. ఇంకెవరు, బొడ్డమ్మ అన్నాడతను తడుముకోకుండా.

బొడ్డమ్మది పూండి అవతల, సముద్రం ఒడ్డునున్న చేపలవాళ్ళ పల్లె. శనివారం శనివారం ఎండుచేపల గంపతో ఆటో దిగి, మధ్యాహ్నానికి గంప ఖాళీ చేసుకుని కొట్టుకి వస్తుంది. తన ఇంటికే కాదు, తన వరసలోని మరో ఆరిళ్ళకి కూడా సరుకు ఆమే పట్టుకెళ్తుంది. ఆ ఇళ్ళ మగవాళ్ళు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లో, వేరావల్ బోట్ల మీద ఉంటారు. ఆడవాళ్ళంతా పనులు మానుకుని బజారుకి రావడం దండగని వరసకొకరు రావడం అక్కడి పద్ధతి. బొడ్డమ్మకి ముందు వాళ్ళ అత్త ముసలమ్మ వచ్చేది.

ఆ ముసలమ్మ వచ్చే శనివారాలంటే వైకుంఠరావుకి చిన్నప్పుడు ఎంతిష్టమో. కొట్టంతా కిరసనాయిలు, బెల్లం, గోనెసంచుల వాసన. ఆమె అడుగు పెట్టగానే దానికి ఎండుచేపల వాసన తోడయ్యేది. నాన్న ఒక్కో మూట కట్టడం, కొసరు డబ్బా మీద చెయ్యి పెట్టి "ఇది ఎవరి పొయ్యి?" అని అడగడం. ముసలమ్మ ఆ ఇంటి సంగతంతా చెప్పేది. ఫలానా కోడలు పురుడు పోసుకుందంటే ఆ మూటలో గుప్పెడు వాము పడేది. ఫలానా ముసలాడికి జ్వరమంటే సగ్గుబియ్యం పడేది. పిల్లలున్న ఇంటికి బెల్లం సరేసరి. కొసరు మనిషిక్కాదురా, పొయ్యికి అనేవాడు నాన్న. చివరి మూట ముసలమ్మది. దాని దగ్గరికొచ్చేసరికి ఆమె గబుక్కున మూట మూతి ముడేసి, చెయ్యి అడ్డం పెట్టేది. నాన్న కూడా బలవంతం చేసేవాడు కాదు. తర్వాత బొడ్డమ్మా అదే పని చేస్తుంటే, పోనీ మొహమాటస్తురాలు అనుకుని ఊరుకున్నాడు వైకుంఠరావు. సరుకంతా ప్యాకెట్లలోకి వచ్చేశాక పొయ్యిల సంగతి అడిగే తీరిక పోయింది. కొసరు ఒక్కటే మిగిలింది, ఇప్పుడది కూడా పోయింది.

కార్డు కోసం ఫోన్ నెంబరు అడిగితే బొడ్డమ్మ కొడుకు రాజేష్ నెంబరు చెప్పింది. ఆమెకి నోటికొచ్చిన నెంబరు అదొక్కటే. ఏడిళ్ళ సరుకూ ఆ నెంబరు మీదే పడుతుంటే పాయింట్లు పరుగులు పెట్టాయి, వినాయక చవితి నాటికే ప్రెషర్ కుక్కరు వచ్చేసింది. మొదటి బహుమతి అని భాగ్యశ్రీ సంబరపడుతూ పెట్టె చేతికివ్వబోతే, బొడ్డమ్మ వద్దని వెనక్కి జరిగింది. తను కొసరు తీసుకోదు కదా అంది. అప్పుడు వైకుంఠరావే కల్పించుకుని, ఇది కొసరు కాదు, కార్డు, దాని దారి వేరు అని నచ్చజెప్పాడు. సావుకారు అంతటివాడు చెబితే కాదనలేక ఆమె పెట్టెని ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది.

ఆ తర్వాతి శనివారం ఆమె తన ఒక్క ఇంటికే సరుకు తీసుకుంది. ఆ పై శనివారం అసలు రాలేదు. ఆ మరుసటి వారం వచ్చింది గాని గంప లేదు. కుక్కరు పెట్టె తెచ్చి గల్లా మీద పెట్టింది. దానికి అంటించిన టేపు కూడా ఊడలేదు.

జరిగిందేమిటంటే, బహుమతి కబురు వేరావల్‌లో ఉన్న రాజేష్ ఫోనుకి పోయింది. వాడు మా అమ్మకి కుక్కరొచ్చిందని బోటంతా చాటాడు. ఆ బోటు మీదున్నదంతా ఈ వరస మగవాళ్ళే. సరుకు అందరిదీ అయితే కుక్కరు ఒకళ్ళకేమిటని ఆ రోజే ఇళ్ళకి ఫోన్లు చేశారు. ఎక్కువ మండిపడింది పక్కింటి జగదాంబ.

"మోసినోళ్ళు కొసరు ముట్టకూడదు బాబూ," అంది బొడ్డమ్మ. "మా అత్త కాణ్ణించీ అదే కట్టుబాటు. కొట్లో నాలుగు గింజలు తీసుకున్నానంటే, దారిలో మూటల్లోంచి ఎన్ని తీసినానోనని అనుమానం వొత్తాది. అందుకే ముట్టం. మీరు కార్డన్నారు, నాను ముట్టీసినాను. జగదాంబ ఇప్పుడు సరుకు ఆటోవోడికి సెప్పి తెప్పించుకుంతంది. ఇన్నేళ్ళు మోసిన సెయ్యి దొంగసెయ్యి అయిపోనాది."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది వైకుంఠరావుకి. మొహమాటం అనుకున్నది మర్యాద అని, ఆ మర్యాదని తన నోటితోనే చెడగొట్టాడని తెలిసి అతనికి తల కొట్టేసినట్టయింది. భాగ్యశ్రీ ఆ పెట్టెని దగ్గరికి లాక్కుంది.

"బిల్లు కట్టినవాళ్ళే కొన్నవాళ్ళనుకున్నాను నాన్నా," అంది. "సరుకు ఎవరిదో అడగనేలేదు."

దసరా బ్యానర్లు అప్పటికే అచ్చయి వచ్చి మూలన నిలబడి ఉన్నాయి. వైకుంఠరావు వాటి వైపు చూడలేదు. అటక మీద పెట్టించిన కొసరు డబ్బా దించమన్నాడు. పాత అలవాటు ప్రకారం ఆరు మూటలు కట్టి, బొడ్డమ్మ మూట ఏడోది కట్టాడు. ఆమె మూటలు ఎత్తుకోబోతే ఆపాడు.

"నువ్వు మోసింది చాలు బొడ్డమ్మా. ఈ మాటు మేం మోస్తాం."

ఇన్నేళ్ళు బేరం చేసి అతనొక్కసారైనా ఆ పల్లె ఇసుకలో కాలు పెట్టలేదు. మూటలతో పాటు డబ్బా, కుక్కరు పెట్టె కూడా ఆటోలో వేసుకుని, జీడితోటలు దాటి, తుఫాను వదిలిపెట్టిన కొబ్బరిచెట్లు దాటి, ఆటో ఇసుకలో కూరుకుపోయిన చోట దిగారు. అక్కణ్ణించి వరస దాకా నడకే. అతనికి మోకాళ్ళ నొప్పులు, రెండు మూటలు పట్టుకునేసరికే ఆయాసం వచ్చింది. మిగిలినవి భాగ్యశ్రీ చంకనొకటి, నెత్తినొకటి పెట్టుకుని నాలుగు దఫాలుగా తెచ్చింది. వలల మధ్య కూర్చున్న ఆడవాళ్ళు ఆ పట్నపు పిల్ల అవస్థ చూసి నవ్వు ఆపుకున్నారు.

తప్పు కొట్టుది, బొడ్డమ్మ వద్దంటే నేనే అంటగట్టానని అతను అందరి ముందూ చెప్పాడు. జగదాంబ నడుం మీద చేతులు తియ్యలేదు.

"కార్డూ మీదే, మాటా మీదే. నమ్మమంటే ఎలాగ నమ్మేది బాబూ?" అంది.

వైకుంఠరావు ఇసుకలో చతికిలబడి, డబ్బా ముందు పెట్టుకుని, మొదటి మూట విప్పాడు. అతని నోట నాన్న మాట వచ్చింది.

"ఇది ఎవరి పొయ్యి?"

ఓ ముసలావిడ ముందుకొచ్చి, నాదే, పళ్ళు లేవు, పుట్నాలొద్దు అంది. బెల్లం వేశాడు. ఒక్కొక్కరే వచ్చారు. జగదాంబ వంతు వచ్చినప్పుడు ఆమె తలుపు దగ్గర్నుంచే, కూతురు కుమారికి మొన్ననే పురుడొచ్చిందని ముక్తసరిగా చెప్పింది. వైకుంఠరావు చెయ్యి డబ్బాలో తడుముకుని వాము తీసి వేసింది. జగదాంబ ఆ వాము వంక చూసింది. మీ నాన్నా ఇలాగే యేసేవోడని మా అత్త సెప్పేది అంది, ఈసారి మెత్తగా.

చివర బొడ్డమ్మ మూట మిగిలింది. అతని గుప్పెడు దాని మీదకి పోయేసరికి ఆమె, ఎవరూ చెప్పకుండానే, మూతి ముడేసి చెయ్యి అడ్డం పెట్టింది. అచ్చం ముసలమ్మ చెయ్యి. కుక్కరు పెట్టె పక్కనే ఉంది, టేపు ఊడకుండా. జగదాంబ రెండూ చూసింది.

అప్పుడు వైకుంఠరావు ఇన్నేళ్ళూ కొట్లో కూర్చుని చూడనిది చూశాడు. జగదాంబ తన మూటలోంచి చిటికెడు వాము తీసి బొడ్డమ్మ దగ్గరికి నడిచింది.

"పట్టొదినా," అంది.

బొడ్డమ్మ కొంగు పట్టింది. ముసలావిడ చిన్న బెల్లం ముక్క వేసింది, ఇంకొకరు నాలుగు పుట్నాలు వేశారు. కొట్టు ఇస్తే ముట్టకూడదు, వరస ఇస్తే పట్టాలి. ఇంటింటా ఓ చిటికెడు, అదీ మోసినవాళ్ళ కొసరు. కుక్కరు వచ్చిన రోజు నుంచీ ఆ కొంగులో ఏమీ పడలేదని, ఆమెని కుంగదీసింది అదేనని అతనికప్పుడు అర్థమైంది. కళ్ళు తుడుచుకోవడానికి అటు తిరిగాడు.

ఇటు తిరిగేసరికి జగదాంబ భాగ్యశ్రీ ముందు నిలబడి ఉంది. నాకెందుకండీ అంటూ ఆ పిల్ల వెనక్కి జరుగుతోంది.

"ఈయేల మోసింది నువ్వు గదేటమ్మా. పట్టు."

భాగ్యశ్రీ తండ్రి వంక చూసింది. అతను తలూపాడు. ఆమె చున్నీ కొస రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆరిళ్ళవాళ్ళూ వేశాక, అందరికన్నా ఆఖరున బొడ్డమ్మ వచ్చి తన కొంగులోంచే ఓ చిటికెడు తీసి అందులో వేసింది.